కర్పూరం ఆరేదాకా

మట్టెవాడ, వరంగల్
9 జనవరి 2025

మామూకు ఆసిమా సలాములు.

కవరు చూసి ముమానీ పెళ్లి పత్రిక అనుకుంటుందేమో. కాదని ముందే చెప్పండి. ఫోను చేస్తే మీకు వినబడదు. మొన్న ఇంజను చెడిపోయిందని మూడుసార్లు అరిచి చెప్పాను, మూడుసార్లూ "అమ్మీకి సలాం చెప్పు" అని పెట్టేశారు. మీ కీప్యాడ్ ఫోనుకు తెలుగు మెసేజీ పంపితే డబ్బాలు డబ్బాలుగా కనబడుతుందట. ఇక ఉత్తరం తప్ప దారి లేదు.

సంగతి ఇది. ధర్మసాగర్ చెరువు చేపల సొసైటీలో నాకు బోటు నడిపే పని దొరికిందని అమ్మీ చెప్పే ఉంటుంది. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివినందుకు ఇన్నాళ్లకు ఒక ఫలితం. అవతలి గట్టు వలల్లో పడ్డ చేపల్ని తెల్లవారి ఏడుకల్లా ఇవతలి కట్టకు చేర్చాలి, అప్పుడే ఐసు బండి వస్తుంది. తెడ్లతో అయితే గంటన్నర, ఇంజనుతో ఇరవై నిమిషాలు. ఆలస్యమైతే చేప మెత్తబడుతుంది, బండివాడు ముక్కు మూసుకుని సగం ధర చెబుతాడు.

అక్టోబరులో ఎనిమిది హార్స్‌పవర్ ఇంజను కొత్తది కొన్నారు. పడవ వెనక తగిలించేది, మీరు ముప్పై ఏళ్లు కాకినాడలో బాగు చేసిన రకమే. నెల తిరగలేదు, వేడెక్కి ఆగిపోయింది. హనుమకొండ డీలరు ఓంప్రకాశ్ సేఠ్ దగ్గరికి తీసుకెళ్తే పద్నాలుగు వేల ఆరువందల బిల్లు. రబ్బరు సామానుకు వారంటీ లేదట. డిసెంబరు మొదట్లో వాపసు వచ్చింది, నెలాఖరుకు మళ్లీ అదే జబ్బు. ఇప్పుడు రెండోసారి ఆయన షాపులోనే పడుంది. సొసైటీ అధ్యక్షుడు వెంకట్రాజం గారు నిన్న అందరి ముందూ అన్నాడు: "గిదేం ఇంజనే, అల్లుని లెక్క మనింట్ల కన్న వాళ్లింట్లనే ఎక్కువుంటాంది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంజను అమ్మేస్తే తెడ్లు వేయడానికి నేనెందుకు? నా ఉద్యోగం ఆ ఇంజనుతోనే ఉంది మామూ.

ఏం చేయాలో రాయండి.

మీ ఆసిమా

*

కాకినాడ
18 జనవరి 2025

బేటా ఆసిమాకు దువా.

నీ ఉత్తరం ముమానీ రెండుసార్లు చదివింది, నేను నాలుగుసార్లు. రెండేళ్లయింది బేటా, ఇంజను గురించి నన్నొకరు అడిగి. ఇంజను మోత విని విని చెవులు పోయాయి, చెవులు పోయాక గిరాకీలు పోయారు. చప్పుడు వినలేని మిస్త్రీ దగ్గరికి ఎవరొస్తారు? హార్బర్లో షెడ్డు ఇంకా ఉంది. పొద్దున తాళం తీస్తాను, సాయంత్రం వేస్తాను. మధ్యలో టీ తాగుతాను.

సరే, నా ఏడుపు నీకెందుకు. కింద అడిగినవాటికి జవాబు రాయి.

ఇంజను నడిచేటప్పుడు వెనక నుంచి సన్నని నీళ్ల ధార పడుతుంది. అది ఇంజను నాడి. కింది కాలులో ఉన్న రబ్బరు చక్రం తిరిగి చెరువు నీళ్లను పైకి లాగి ఇంజనును చల్లబరుస్తుంది, ఆ నీళ్లే బయటికి పడతాయి. ధార బలంగా ఉందా, చుక్కలు చుక్కలుగా ఉందా?

నీళ్లలో దించకుండా తాడు లాగి స్టార్ట్ చేస్తున్నావా? నీళ్లు లేకుండా తిరిగితే ఆ చక్రం నిమిషాల్లో మాడిపోతుంది.

రోజూ సాయంత్రం సగం కోసిన డ్రమ్ములో మంచినీళ్లు నింపి ఇంజను కాలు అందులో పెట్టి పది నిమిషాలు నడుపుతున్నావా? మేము సముద్రం నుంచి రాగానే చేసే మొదటి పని అదే.

ఇంకో మాట. డీలరు బిల్లు ఇస్తే "పాత సామాను వాపస్ ఇయ్యండి" అని అడుగు. విప్పిన ప్రతి ముక్క నీదే, డబ్బు కట్టింది నువ్వు. ఈ ఒక్క మాటకు సగం డీలర్లకు చెమట పడుతుంది.

ప్రతి ఉత్తరం చివర ఆ రోజు ఇంజను చప్పుడు ఎట్లా ఉందో రాయి. నాకు వినాలని ఉంది.

మీ మామూ
యాకూబ్

*

మట్టెవాడ
2 ఫిబ్రవరి 2025

మామూకు సలాం.

ముందు నా కోపం తీర్చుకోనివ్వండి. నీళ్లలో దించకుండా తాడు లాగుతున్నావా అని అడుగుతారా? నేనేమైనా చిన్నపిల్లనా? రోజూ ముందు దించుతాను, మోచేతి లోతు మునిగిందో లేదో చూస్తాను, అప్పుడే తాడు పడతాను. ఒక్కరోజు కూడా తప్పలేదు. అమ్మీ మీద ఒట్టు.

డ్రమ్ము సంగతి చదివి మేమంతా నవ్వుకున్నాం. మామూ, మీది ఉప్పునీళ్ల బుద్ధి. ధర్మసాగర్ నీళ్లు వరంగల్ అంతా తాగుతుంది, ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఉత్తరం రాసిన మనిషి కూడా అవే తాగి పెరిగింది. మంచినీళ్లలో నడిచిన ఇంజనును మళ్లీ మంచినీళ్లతో కడగాలా? డ్రమ్ము మీరే ఉంచుకోండి.

పాత సామాను మాట మాత్రం బాగా పనిచేసింది. ఓంప్రకాశ్ సేఠ్ "గది పారేసినం" అన్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గంటసేపు కూర్చుంటే చెత్తబుట్టలోంచి దొరికింది. ఈ కవరులో పెట్టింది అదే. ఈసారి బిల్లు పదకొండు వేల రెండువందలు, దాని నకలు కూడా పెట్టాను.

జనవరి 24న ఇంజను ఇంటికి వచ్చింది. సొసైటీలో పెద్దవాడు గట్టయ్య తాత ఎప్పటిలాగే కట్ట మైసమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టాడు, పెద్ద చిప్ప నాకే ఇచ్చాడు. అమ్మీ చట్నీ నూరింది. ఆ చట్నీ రుచి నాలుక మీద ఉండగానే ధార సన్నబడడం మొదలైంది. వారం కూడా కాలేదు. నిన్నటి నుంచి ఇంజనును మధ్యమధ్య ఆపి చల్లారనిస్తూ నడుపుతున్నాను. బండివాడు నిన్న మూడు బుట్టలు తిప్పి పంపాడు.

ఇంజను చప్పుడు: మొదటి రెండు రోజులు నిండుగా, ఆ తర్వాత జలుబు చేసిన మనిషి మాట్లాడినట్టు.

మీ ఆసిమా

*

కాకినాడ
11 ఫిబ్రవరి 2025

బేటా,

రబ్బరు చక్రం అందింది. చేతిలోకి తీసుకోగానే తెలిసింది. ఆరు రెక్కలుండాలి, రెండు లేనే లేవు. మిగతావి మాడి గట్టిపడి ఉన్నాయి. కొత్త చక్రం నెలలో ఇట్లా కాదు. నువ్వు తాడు ఎట్లా లాగుతున్నావో రాశావు, నీ మాట నమ్ముతున్నాను. మరి మిగిలింది ఒక్కటే. ఆ సేఠ్ ఎక్కడో ఏళ్ల తరబడి ఎండిపోయిన పాత రబ్బరు తెచ్చి, కొత్తదని నీకు బిగిస్తున్నాడు.

బిల్లు నకలు చూశాను. తొమ్మిది వందల చక్రం కోసం మొత్తం పంపుసెట్టు మార్చినట్టు రాశాడు, దానిమీద మజూరీ, దానిమీద 'తనిఖీ ఖర్చు'. ముప్పై ఏళ్ల పని మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, వాడు దొంగ. వెళ్లి అడుగు. నలుగురు ఉన్నప్పుడు అడుగు. భయపడకు, నీ వెనక నేనున్నాను.

చాలా రోజుల తర్వాత రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఎందుకో తెలుసా? కళ్లు మూసుకుని ఆ మాడిన రెక్కల్ని వేళ్లతో తడిమి జబ్బు కనిపెట్టాను. చెవులు పోయినా చేతులున్నాయని అనిపించింది.

మీ మామూ

*

మట్టెవాడ
25 ఫిబ్రవరి 2025

మామూకు సలాం.

అడిగాను. నలుగురు ఉన్నప్పుడే అడిగాను. నలుగురు కాదు, పదకొండు మంది. పంపుసెట్ల కోసం వచ్చిన రైతులు, వెంకట్రాజం గారు, టీ తెచ్చినవాడు కూడా.

"సేఠ్, పాత రబ్బరు ఏసి కొత్త పైసలు తీస్కుంటానవ్" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. లోపలికి వెళ్లి, సీలు తీయని డబ్బా తెచ్చి నా ముందే చింపాడు. లోపల చక్రం మెత్తగా నల్లగా నిగనిగలాడుతోంది. తయారైన నెల కూడా అచ్చువేసి ఉంది, పోయిన సెప్టెంబరు. "గిదే డబ్బాలకెల్లి తీసి మీకేసిన. ఇర్వై రెండేండ్ల సంది దుకాణం నడుపుతాన. దొంగ అన్నోళ్లు లేరు. ఇగ నా మెట్లెక్కకు పో" అన్నాడు.

వెంకట్రాజం గారే నన్ను బండి మీద వెనక్కి తీసుకొచ్చాడు. ఇంటి దగ్గర దింపి, "మార్చి ఇర్వై తొమ్మిదిన మీటింగ్ పెడ్తానం. ఇంజను ఉంచుడా అమ్ముడా తేలుస్తం" అని మాత్రం చెప్పాడు.

మామూ, ఆయన దొంగలా లేడు. ఏడుపు దిగమింగుకున్న మనిషిలా ఉన్నాడు. మీరు చెప్పారని అడిగాను, ఇప్పుడు ఇంజను బాగు చేసేవాడే లేడు. మీ మీద కోపంగా ఉంది. కోపం కన్నా ఎక్కువ భయంగా ఉంది.

ఇంజను చప్పుడు: లేదు. షెడ్డులో గోనెపట్టా కింద పడుకుంది.

ఆసిమా

*

కాకినాడ
4 మార్చి 2025

బేటా,

రంజాన్ మొదలైంది, ఈ నెలలో కోపం మంచిది కాదు. నీదీ, నాదీ.

డబ్బా మీద ఉన్న నెల నా లెక్కకు కుదరడం లేదు. దాన్ని పక్కన పెడదాం. బాగు చేసేవాడు లేడన్నావు. నువ్వు లేవా? ఇక్కడి కొట్లో కొత్త చక్రం కొని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. నేనే వేలితో వంచి చూసి తీసుకున్నాను. ఇట్లా చెయ్యి:

ముందు స్పార్క్ ప్లగ్ తీగ ఊడదియ్యి, పొరపాటున తిరగకుండా. కింద పాత చీర పరుచు, ఎందుకంటే చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే ఇనుప ముక్క గోరంత ఉంటుంది, గడ్డిలో పడితే ఇక దొరకదు. కాలు బోల్టులు విప్పి కిందికి లాగు. గేరు కడ్డీని విడదీయడం మర్చిపోకు, అందరూ అక్కడే వంచేస్తారు. పంపు మూత తీసి పాత చక్రం పైకి లాగు. కొత్తదానికి సబ్బునీళ్లు రాయి. మూత నొక్కుతూ ఇరుసును గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పు, రెక్కలన్నీ ఒకే వైపు ఒదిగి కూర్చుంటాయి. ఎదురు తిప్పావో, పని అంతే.

కంగారు పడకు. చేతికి తెలుస్తుంది.

మామూ

*

మట్టెవాడ
15 మార్చి 2025

మామూకు వెయ్యి సలాములు!

చేశాను! రోజా ఉండి, చుట్టూ ఇన్ని నీళ్లుండి గుక్క తాగకుండా, మధ్యాహ్నమంతా షెడ్డులో కూర్చుని చేశాను. అమ్మీ పాత చీర నాశనమైంది. గోరంత ముక్క ఒకసారి పడిపోయింది, చీర మీదే పడింది, మీ నోట్లో చక్కెర పొయ్యాలి. గట్టయ్య తాత పక్కన కూర్చుని బోల్టులు వరసగా చేటలో పేర్చాడు. బిగించడం అయిపోగానే ఆయన కళ్లలో నీళ్లు. "మా కాలంల గిసొంటివి ఆడోళ్లు ముట్టుకుంటెనే తిట్టేది. నువ్వు పేగులు తీసి మళ్ల పెట్టినవ్ బిడ్డా" అన్నాడు. కట్ట మీద మైసమ్మ ముందు ఎప్పటికన్నా పెద్ద పూజ చేయించాడు. బంతిపూల దండ, నిమ్మకాయలు, పిడికెడు కర్పూరం. వెంకట్రాజం గారి బిడ్డ దీప ఫొటో తీసింది. మీకోసం స్టూడియోలో కడిగించి పెడుతున్నాను. ఎడమ వైపు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నది నేనే.

ఇంజను చప్పుడు: నిండుగా, ఎక్కడా తడబడకుండా. ధార చిటికెన వేలంత!

18 మార్చి

కవరు అంటించకముందే ఇది రాయాల్సి వస్తోంది. ఈ పొద్దున మళ్లీ ధార సన్నబడింది. మూడంటే మూడు రోజులు. నడిమధ్యలో ఇంజను ఆపేసి తెడ్డు వేసుకుంటూ వచ్చాను. కట్ట మీద అందరూ నా చేతిలో తెడ్డు చూసి తల తిప్పుకున్నారు, అదే ఎక్కువ బాధ.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు పంపింది కూడా పాత రబ్బరేనా? కొట్టువాడు మిమ్మల్ని మోసం చేశాడేమో. మీకు వినబడదు కదా, ఏం చెప్పి అమ్మాడో.

మీటింగుకు ఇంకా పదకొండు రోజులు.

ఆసిమా

*

కాకినాడ
23 మార్చి 2025

బేటా ఆసిమాకు,

"మీకు వినబడదు కదా" అన్నావు. ఆ మాట చదివిన రోజు ఇఫ్తార్‌లో ఒక్క ఖర్జూరంతో లేచాను. ముమానీ ఉత్తరం లాక్కుని దాచేసింది. నిజం చెప్పాలంటే, నువ్వు అన్నందుకు కాదు బాధ, నేనూ అదే అనుకున్నందుకు. ముసలి మిస్త్రీ, చెవిటి మిస్త్రీ, పిల్లను తప్పుదారి పట్టించాడు అనుకున్నాను. షెడ్డు తాళం హార్బర్ గుమాస్తాకు ఇచ్చేద్దామని బయల్దేరాను కూడా.

రెండో తాళంచెవి కోసం షెడ్డులో సొరుగు తీస్తే, నీ కవరులోంచి తీసి అక్కడ పడేసిన ఫొటో ఉంది. నీ నవ్వు చూద్దామని ప్లగ్గులు చూసే భూతద్దం తీశాను. నీ నవ్వు చూశాను. పక్కన దండ వేసుకున్న ఇంజను చూశాను. చెక్క స్టాండు మీద ఉంది, దాని కాలు కింద కంకర, కంకర మీద బంతిపూల రేకులు. గట్టయ్య గారి చేతిలో తాడు పిడి, ఇంకా వదల్లేదు. ఇంజను వెనక పొగ. మొదట అగరుబత్తి పొగ అనుకున్నాను. భూతద్దం దగ్గరికి జరిపాను. నీలంగా ఉంది బేటా.

ఇంజను నడుస్తోంది! ఎండు నేల మీద, చుక్క నీరు లేకుండా, మెడలో దండతో నడుస్తోంది!

ఎంత గట్టిగా నవ్వానో నాకు తెలియదు, పక్క షెడ్లవాళ్లు పరిగెత్తుకొచ్చారు.

ఇప్పుడు చెప్పు. కొత్తగా కొన్నప్పుడు కూడా ఇట్లాగే చేశారా? సేఠ్ దగ్గర నుంచి వచ్చిన ప్రతిసారీ చేశారా? ఎంతసేపు నడిపారు? అవునని నీ జవాబు రాకముందే నాకు తెలుసు. అక్టోబరులో, డిసెంబరులో, జనవరిలో, ఇప్పుడు. కొత్త చక్రం వేసిన ప్రతిసారీ నీళ్లలో దిగకముందే దాన్ని కాల్చి చంపారు. నువ్వు అబద్ధం చెప్పలేదు. నువ్వు తాడు లాగలేదు, అది పూజ, పనిలో లెక్క కాదు. నేనూ ఆ కొబ్బరి చట్నీ గురించి చదివి నోరూరించుకున్నానే గాని, కొబ్బరికాయ కొట్టాక ఏం చేస్తారని అడగలేదు.

మూడు సంగతులు చెబుతాను, మూడూ చెయ్యి.

గట్టయ్య గారిని ఒక్క మాట అనకు. ఆయన ప్రేమతో చేశాడు. మాడిన చక్రం, కొత్త చక్రం పక్కపక్కన పెట్టి ఆయన చేతికియ్యి. కొత్తది ఈ పార్శిల్లో ఉంది.

పూజ మానొద్దు. నువ్వు వద్దని నవ్విన నా డ్రమ్ము ఉంది చూడు, సగం కోసి నీళ్లు నింపు. ఇంజను కాలు అందులో ముంచి మైసమ్మ ముందు నిలబెట్టు. ఆయన ఎంతసేపు కావాలంటే అంతసేపు నడుపుకోమను.

ఓంప్రకాశ్ సేఠ్ దగ్గరికి వెళ్లి మాఫీ అడుగు. నీ కోసం కాదు, నా కోసం. దొంగ అన్నది నేను. బిల్లు ఎక్కువ రాశాడన్న మాట మీద మాత్రం ఇంకా నిలబడే ఉన్నాను, అది కూడా చెప్పు.

మామూ

*

మట్టెవాడ
13 ఏప్రిల్ 2025

మామూ, మామూ, మామూ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఈద్ కూడా మీరు లేకుండానే అయిపోయింది, ముందు ఈద్ ముబారక్, ఆలస్యంగా.

మీ ఉత్తరం 27న వచ్చింది. మెట్ల మీదే చదివి, అక్కడే కూర్చుని మళ్లీ చదివాను. ఎంతసేపు నడిపారని అడిగారు కదా. కర్పూరం ఆరేదాకా! అది తాత నియమం. మొదటి తాడు పెద్దవాడు లాగాలి, హారతి కర్పూరం దానంతట అది ఆరేదాకా ఇంజను ఆపకూడదు. నా చేతి పని అని ఈసారి ముచ్చటపడి పిడికెడు పోశాడు, అందుకే మూడు రోజులకే పోయింది. ప్రతిసారీ నేను పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాను. ఐటీఐ సర్టిఫికెట్ ఎక్కడైనా దాచుకోవాలి.

మరునాడు తాతను షెడ్డుకు తీసుకెళ్లి కాలు విప్పాను. మీరు చెప్పినట్టే రెండు చక్రాలూ చేతికిచ్చాను. ఆయన మెత్తనిదాన్ని వంచాడు, మాడినదాన్ని వంచబోతే రెక్క పుటుక్కున విరిగింది. విరిగిన ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"అంటే బిడ్డా, నాలుగు సార్లు దీని పానం తీసింది నేనేనా?"

"ఇద్దరం తీసినం తాతా. నేను సప్పట్లు కొట్టిన."

"మరి అమ్మకు సూపియ్యకుంట నీళ్లల్లకు ఎట్ల తోల్తం?"

డ్రమ్ము సంగతి చెప్పాను. ఆయన మొహం విప్పారింది. "నీళ్లల్ల నిలవెడ్తే అమ్మకు గూడ సల్లగుంటది" అన్నాడు. నేను కొత్త చక్రం బిగిస్తుంటే తనే రంపం తెచ్చి నీలం డ్రమ్ము కోశాడు, నీళ్లలో పసుపు కలిపాడు.

29న మీటింగు కట్ట మీదే పెట్టారు. వెంకట్రాజం గారు నోరు తెరవకముందే తాత లేచి నిలబడ్డాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, సొసైటీ పెట్టినప్పటి నుంచి ఉన్నవాడు, చేతులు జోడించి, "తప్పు పిల్లది గాదు, సేట్‌ది గాదు. నాది" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు మామూ. వెంకట్రాజం గారే ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టి, "పదిహేను దినాలు సూద్దాం తియ్యి" అన్నాడు.

అక్కడికక్కడే పూజ. డ్రమ్ములో ఇంజను, మెడలో దండ, డ్రమ్ము వెనకాల పళ్లెంలో కర్పూరం. తాత తాడు లాగాడు. ఒక్క గుంజుకు అందుకుంది. ధార వచ్చింది చూడండి, చిటికెన వేలు కాదు, బొటనవేలంత! ఎగిరి నేరుగా వెళ్లి కర్పూరం మీద పడింది. చుయ్యిమని ఆరిపోయింది.

అందరం బిగుసుకుపోయాం. నియమం ప్రకారం కర్పూరం ఆరింది, అంటే ఇంజను ఆపాలి. వెలిగించి అరనిమిషం కూడా కాలేదు. తాత పళ్లెం వైపు చూశాడు, మైసమ్మ వైపు చూశాడు. "అమ్మ ఇగ సాలన్నది. తోలుండ్రి" అన్నాడు. కట్ట కట్టంతా నవ్వింది.

నిన్నటితో పదిహేను రోజులు పూర్తయ్యాయి. ఒక్క రోజు తెడ్డు ముట్టుకోలేదు. ఐసు బండివాడు చేప కళ్లు చూసి మారు మాట్లాడకుండా తూకం వేస్తున్నాడు. ఇంజను ఉంటుంది, నేనూ ఉంటాను. వచ్చే నెల నుంచి జీతం కూడా కొంచెం పెంచుతారట. ఇంజను సంరక్షణ నాదేనని పుస్తకంలో రాశారు.

ఇక సేఠ్. ఈద్ మరునాడు అమ్మీ చేసిన షీర్ ఖుర్మా టిఫిన్‌లో పోసుకుని వెళ్లాను. మెట్లెక్కొద్దన్నాడు కాబట్టి రోడ్డు మీదే నిలబడ్డాను. "ఏంది, మళ్ల కొట్లాటకా?" అన్నాడు. జరిగిందంతా చెప్పాను, మా మామూ మాఫీ అడగమన్నాడని చెప్పాను. బిల్లు మాట కూడా దాచలేదు. ఆయన టిఫిన్ మూత తీసి, మళ్లీ పెట్టాడు. "నేను గూడ అడగాలె గదా, పొడి మీద ఎవలన్న నడిపిన్రా అని. అడగలే. బిల్లు రాసుకున్న. పైకి రా" అన్నాడు. ఇకనుంచి మార్చిన ప్రతి ముక్కా వాపసు ఇస్తాడట, ఏ ముక్క చెడితే ఆ ముక్కకే బిల్లు. తీసుకున్న తనిఖీ ఖర్చు రెండుసార్లదీ తిరిగిచ్చాడు.

తర్వాత లోపలి నుంచి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. నిండా చెడిపోయిన ఇంజను ముక్కలే. ఎందుకు చెడ్డాయో ఆయనకూ తెలియనివి. "ఫొటువ జూసి జబ్బు చెప్పిండంటే, గివి చేతికిస్తే ఏం చెప్తడో. మీ మామూకు పంపుత. ఊకెనే కాదు, ఒక్కోదానికి ఇంత అని ఇస్త. జర అడుగు" అన్నాడు. అడుగుతున్నాను. మీరు కాదనరని పార్శిల్ నిన్ననే కట్టించేశాను.

"మీకు వినబడదు కదా" అని రాసిన నా చేతిని రోజూ తిట్టుకుంటున్నాను. మన్నించండి.

తాత పిలుస్తున్నాడు, అవతలి గట్టుకు వెళ్లాలి. ఉంటాను.

మీ ఆసిమా

*

కాకినాడ
24 ఏప్రిల్ 2025

బేటా ఆసిమాకు దువా, గట్టయ్య గారికి నా దండాలు.

పార్శిల్ అందింది. ఆటోవాడు షెడ్డు ముందు దించి అడ్రసు పైకి చదివాడట, పక్క షెడ్డువాళ్లు చెప్పారు. సేఠ్ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాశాడు: 'యాకూబ్ మిస్త్రీ గారు, ఇంజను వైద్యులు, కాకినాడ.' మిస్త్రీ అని నన్నొకరు రాసి రెండేళ్లు దాటింది. నేను ముక్కలు బయటికి తీస్తుంటే ముమానీ ఆ అట్టను కత్తెరతో కత్తిరించి తీసుకెళ్లింది. ఎక్కడ దాచిందో చెప్పడం లేదు.

ఇరవై మూడు ముక్కలున్నాయి. పద్నాలుగు చూశాను. తొమ్మిదింటికి జబ్బు తెలిసింది, అందులో నాలుగు చక్రాలు పొడి మీద నడిపినవే. ఒక్క మీ కట్ట మీదే కాదు, మైసమ్మ అన్ని చోట్లా ఉన్నట్టుంది మరి. అందరికీ డ్రమ్ము సంగతి చెప్పమని సేఠ్‌కు రాస్తున్నాను. తాళం గుమాస్తాకు ఇవ్వలేదు. పొద్దున తీసి సాయంత్రం దాకా పని చేస్తున్నాను, టీ చల్లారిపోతోంది.

మన్నించమన్నావు. దేనికి బేటా? వినబడదన్నది నిజమే. నీ ఉత్తరాలు వినబడ్డాయి, చాలు. దసరాకు వస్తాను. గట్టయ్య గారి పక్కన నిలబడి, ఇంజను మూత మీద చెయ్యి పెట్టి, కర్పూరం ఆరేదాకా ఉంటాను.

అన్నట్టు, ఈసారి నీ ఉత్తరం చివర ఇంజను చప్పుడు రాయలేదు. ముమానీ కాగితం తిప్పి తిప్పి వెతికింది, నేను కవరులో కూడా చూశాను. ఎక్కడా లేదు. ఆమె నీ మీద కోప్పడబోతే నేనే ఆపాను. బాగున్న ఇంజను చప్పుడు ఎవరికి గుర్తుంటుంది?

ఇట్లాగే మర్చిపోతూ ఉండు.

మీ మామూ
యాకూబ్ మిస్త్రీ